వెక్టర్ చార్టులకు ఏ లైబ్రరీ? ముందు ఆ ఫైలు చివరికి ఎక్కడ తెరుచుకుంటుందో చూడండి

ఆంధ్రప్రదేశ్ జిల్లాలవారీ వర్షపాతం మ్యాప్‌ని స్క్రిప్ట్‌తో గీస్తున్నారనుకోండి. 2022 ఏప్రిల్ విభజన ప్రకారం షీట్‌లో 26 వరసలు, పక్కన సరిహద్దుల ఫైలు, పైథాన్‌లో ఓ నలభై లైన్లు. నడిపితే మ్యాప్ వచ్చేస్తుంది, రంగులు సరిగ్గానే పడతాయి. దగ్గరికెళ్లి చూస్తే కృష్ణా జిల్లా పేరులో ణ ఒత్తు కింద లేదు. ష పక్కన పొల్లు విడిగా ఉంది, దాని తరవాత నిండు ణ నిలబడి ఉంది. శ్రీకాకుళంలో శ ఒకచోట, ర ఒకచోట, గుడిదీర్ఘం ఇంకోచోట. కోడ్‌లో తప్పు లేదు, డేటాలో తప్పు లేదు. బొమ్మ గీసిన లైబ్రరీకి, అంటే స్క్రిప్ట్ వాడుకున్న రెడీమేడ్ కోడ్‌కి, తెలుగు అక్షరాన్ని కూర్చడం రాదు, అంతే. ఆ సంగతి పని మొదలుపెట్టిన రోజు కాకుండా ప్రింటుకి పంపాల్సిన రోజు బయటపడితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

డేటా నుంచి వెక్టర్ బొమ్మలు (ఎంత పెద్దవి చేసినా అంచులు పగలనివి) తీయడానికి ఏది మంచిదని అడిగితే, ఎవరికి అలవాటైనది వాళ్లు చెప్తారు. పైథాన్ వాళ్లు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అంటారు, ఆర్ అనే గణాంకాల భాష వాళ్లు జీజీప్లాట్2 అంటారు, వెబ్ పని చేసేవాళ్లు డీ3 అంటారు. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ ఎంపిక ఈ చివర నుంచి కాదు, ఆ చివర నుంచి మొదలవ్వాలి. తయారైన ఫైలుని ఆఖరికి ఎవరు తెరుస్తారు? బ్రౌజరా, ప్రింటింగ్ షాపులో కోరల్‌డ్రా ముందు కూర్చున్న ఆపరేటరా, పీడీఎఫ్ రిపోర్ట్ చదివే అధికారా, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చూసే మనిషా? అది తేలితే సగం పేర్లు వాటంతటవే పక్కకి పోతాయి. తెలుగు లేబుళ్లు ఉంటే మిగిలిన వాటిలో ఇంకో సగం పోతాయి.

అసలు వెక్టర్ ఫైలులో ఏముంటుందో ఒకసారి చూడాలి, ఎందుకంటే చాలామంది దాన్ని తెరిచి చూడరు. ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైలు నిజానికి మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. దాని ప్రమాణాన్ని వెబ్ నియమాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2001లో ఖరారు చేసింది. లోపల ఉండేది పిక్సెళ్లు కాదు, ఆదేశాలు: ఇక్కడ ఇంత వెడల్పు, ఇంత ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం గీయి, దానికి ఈ రంగు నింపు, అక్కడ ఈ మాట రాయి. బార్ చార్ట్‌లో ఒక్కో బార్ ఒక్కో లైను. ఒక్క తిరకాసు ఏమిటంటే ఎస్‌వీజీలో నిలువు లెక్క పైనుంచి కిందికి పెరుగుతుంది. కాబట్టి 300 ఎత్తున్న బొమ్మలో 80 ఎత్తు బార్ కావాలంటే 220 దగ్గర మొదలుపెట్టి కిందికి 80 గీయాలి. ఇది అర్థమైతే ఏ లైబ్రరీ లేకుండానే పైథాన్‌లోనో, జావాస్క్రిప్ట్‌లోనో, పీహెచ్‌పీలోనో ఒక లూప్ రాసి, స్ట్రింగులు అతికించి మంచి చార్ట్ తీయొచ్చు.

చిన్న పనులకు ఇదే అన్నిటికంటే మెరుగైన దారి. ప్రతి నెలా అదే పన్నెండు బార్ల చార్ట్, అదే సైజు, అదే రంగులు అయితే దానికోసం డీ3 నేర్చుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి పట్టడమే. పాతిక లైన్ల స్క్రిప్ట్ పదేళ్ల తరవాత కూడా నడుస్తుంది, వెర్షన్ మారిందని విరగదు, బొమ్మలో ప్రతి గీతా ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: డేటాలో వచ్చే ప్రత్యేక గుర్తుల్ని ఎస్కేప్ చేయాలి, అంటే వాటి బదులు వాటి కోడ్ రూపం రాయాలి. ఒక పంట పేరులో 'మరియు' గుర్తు, అదే యాంపర్‌సాండ్, ఉన్నది ఉన్నట్టు ఫైలులోకి వెళ్తే ఫైలు పాటించే ఎక్స్‌ఎమ్‌ఎల్ నిర్మాణం చెడిపోయి మొత్తం బొమ్మే తెరుచుకోదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జీవితంలో ఒక్కసారి, ఒక్క చార్ట్ కావాలంటే కోడే వద్దు. ఇప్పటి ఎక్సెల్‌లో చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి బొమ్మగా సేవ్ చేసేటప్పుడు ఎస్‌వీజీ ఎంచుకోవచ్చు, తరవాత ఇంక్‌స్కేప్ అనే ఉచిత వెక్టర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దుకోవచ్చు. కోడ్ విలువ తెలిసేది బొమ్మ మళ్లీ మళ్లీ గీయాల్సి వచ్చినప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. చేత్తో గీసిన మ్యాపులన్నీ ఆ రోజుల్లో మొదటి నుంచి గీయాల్సి వచ్చాయి. స్క్రిప్ట్‌తో గీసినవాళ్లు సరిహద్దుల ఫైలు మార్చుకుని మళ్లీ నడిపితే సరిపోయింది. అయితే 2011 జనాభా లెక్కలు ఉమ్మడి రాష్ట్రపు 23 జిల్లాల లెక్కలో ఉంటాయి కాబట్టి, కొత్త మ్యాప్ మీద పాత అంకెలు వేయాలంటే మండలాల స్థాయి నుంచి కూడుకుంటూ రావాలి. అది గీసే పనిముట్టు తీర్చే సమస్య కాదు, అంతకు ముందు డేటా దగ్గర చేసుకోవాల్సిన పని.

తెలుగు అక్షరం దగ్గర ఏం జరుగుతుంది

'శ్రీకాకుళం' అని రాస్తే కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్ దాచుకునేది పది యూనికోడ్ గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. ఈ పదిని ఆ నాలుగుగా కూర్చే పనిని షేపింగ్ అంటారు. ర ఒత్తు ఎటు రావాలి, గుడిదీర్ఘం శ మీద తలకట్టుని తీసేసి ఎలా కూర్చోవాలి అనేవి ఫాంట్‌లో నియమాలుగా రాసి ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే ఇంజిన్ ఒకటి కావాలి. ఎక్కువ సాఫ్ట్‌వేర్లలో ఆ ఇంజిన్ హార్ఫ్‌బజ్. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఉన్నది అదే.

ఇంగ్లిష్‌కి ఈ పని దాదాపు అక్కర్లేదు. ఒక గుర్తుకి ఒక బొమ్మ, పక్కపక్కన పేర్చుకుంటూ పోతే చాలు. చార్ట్ లైబ్రరీలు చాలావరకు ఇంగ్లిష్ లేబుళ్లను మనసులో పెట్టుకుని పుట్టాయి కాబట్టి అంతవరకే రాసుకున్నాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ని జాన్ హంటర్ 2003లో విడుదల చేశాడు. శాస్త్రవేత్తల గ్రాఫులకు అంత నమ్మకమైన పనిముట్టు అరుదు. కానీ చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న వెర్షన్లలో అది ఒక్కో యూనికోడ్ గుర్తుకి ఒక్కో బొమ్మ పేర్చుకుంటూ పోయింది. దాంతో పాటు వచ్చే డేజావూ సాన్స్ ఫాంట్‌లో తెలుగు లేనే లేదు, కాబట్టి మొదట కనిపించేవి ఖాళీ డబ్బాలు. ఫాంట్‌ని నోటో సాన్స్ తెలుగుగానో మండలిగానో మారిస్తే డబ్బాలు పోయి విరిగిన అక్షరాలు వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడ ఫాంట్ తప్పనుకుని ఒకదాని తరవాత ఒకటి ఫాంట్లు దించుకుంటూ రోజంతా గడిపేస్తారు. ఎన్ని మార్చినా ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది, ఎందుకంటే నియమాలు ఫాంట్‌లో ఉన్నా చదివేవాడు లేడు.

దీనికి ఒక సెట్టింగ్ ఉంది, చాలామందికి తెలియదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎస్‌వీజీ రాసేటప్పుడు మామూలుగా అక్షరాల్ని గీతలుగా, అంటే పాత్‌లుగా మార్చేస్తుంది. ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అనే ఆ విలువని 'నన్' అని పెడితే మాటని మాటగానే ఫైలులో వదిలేస్తుంది. అప్పుడు అక్షరాల్ని కూర్చే పని బ్రౌజర్ మీద పడుతుంది, బ్రౌజర్‌కి హార్ఫ్‌బజ్ ఉంది, కృష్ణా చక్కగా కృష్ణాలాగే కనిపిస్తుంది. ఒక్క లైను మార్పుతో సమస్య పోయినట్టే. పూర్తిగా కాదు కానీ. లేబుల్‌కి ఎంత చోటు వదలాలన్న లెక్క ఆ వెర్షన్లు విరిగిన అక్షరాల వెడల్పుతోనే వేస్తాయి, అందుకే ఎడమ మార్జిన్ అవసరానికి మించి పెరగడం, నడిమికి పెట్టిన పేరు ఒక పక్కకి జరగడం మామూలే. మార్జిన్లు చేత్తో ఇచ్చుకోవాలి.

ఈ వెడల్పు లెక్క దగ్గరే ఇంకా చాలా పనిముట్లు తడబడతాయి. వేగా అనే చార్టులు గీసే వ్యవస్థ ఉంది, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లోని పరిశోధకుల దగ్గర పెరిగింది. పైథాన్‌లో ఆల్టెయిర్ దాని మీదే నడుస్తుంది. బ్రౌజర్‌లో అది బాగానే కొలుస్తుంది. బ్రౌజర్ లేకుండా, జావాస్క్రిప్ట్‌ని విడిగా నడిపే నోడ్‌లో, బొమ్మ గీసే క్యాన్వాస్ ప్యాకేజీ కూడా లేకుండా నడిపితే మాత్రం కొలవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఉజ్జాయింపు వేస్తుంది: గుర్తుల సంఖ్యని ఫాంట్ సైజుతోనూ 0.8తోనూ గుణిస్తుంది. 'రాష్ట్రం' అనే మాటలో ఎనిమిది గుర్తులున్నాయి, 12 సైజులో 76 యూనిట్లు అని లెక్క తేలుతుంది. తెర మీద ఆ మాట రెండే అక్షరాలు, దానికి అందులో సగం చోటు కూడా పట్టదు. చార్ట్‌లో పేరుకీ బార్‌కీ మధ్య ఎందుకింత ఖాళీ అని వెతికేవాళ్లకి కారణం ఇదీ.

ఇక మాటని మాటగా వదలాలా, గీతలుగా మార్చాలా అన్నది మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం, అది మళ్లీ ఫైలు ఎవరు తెరుస్తారన్న దగ్గరికే వస్తుంది.

వెబ్ పేజీ కోసమైతే మాటగానే ఉండాలి. అప్పుడే పాఠకుడు పేజీలో 'ప్రకాశం' అని వెతికితే దొరుకుతుంది, స్క్రీన్ రీడర్ చదవగలుగుతుంది, ఫైలు కూడా చిన్నదిగా ఉంటుంది. అయితే పేజీలో ఎస్‌వీజీని ఇమేజ్ ట్యాగ్‌తో పెడితే పేజీకి పెట్టుకున్న వెబ్ ఫాంట్ దానికి అందదు. చూసేవాళ్ల పరికరంలో ఉన్న తెలుగు ఫాంటే దిక్కు. ఆండ్రాయిడ్‌లో అది నోటో, విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు. ఒక్కోదాని వెడల్పు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ కంప్యూటర్‌లో అతికినట్టు సరిపోయిన లేబుల్ ఇంకొకరి ఫోన్‌లో పక్క బార్ మీదికి ఎక్కుతుంది. ఎస్‌వీజీ కోడ్‌ని పేజీలోనే నేరుగా పెడితే పేజీ ఫాంట్ దానికీ వర్తిస్తుంది, ఈ బాధ తప్పుతుంది.

ప్రింటుకైతే గీతలుగా మార్చి ఇవ్వడమే క్షేమం. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పని అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌తో సాగుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని పెట్టుకున్న పాత పద్ధతి. అలాంటి చోటికి యూనికోడ్ మాటలున్న ఎస్‌వీజీ పంపితే అక్కడ ఏం కనిపిస్తుందో ముందుగా చెప్పలేం. ఇలస్ట్రేటర్ ఉన్నచోట కూడా వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు సరిగ్గా అతకవు. అవతలి మనిషిని ఆ సెట్టింగ్ మార్చమని ఫోన్‌లో వివరించేకంటే, అక్షరాలన్నీ గీతలైపోయిన పీడీఎఫ్ ఇవ్వడం ఎంతో తేలిక. ఫ్లెక్సీ ఇరవై అడుగులు వేసినా అంచులు పగలవు, ఫాంట్ లేదన్న మాట రాదు.

ఆ మార్పిడికి నమ్మదగిన దారి ఇంక్‌స్కేప్. దాన్ని విండో తెరవకుండా కమాండ్ లైన్ నుంచే నడిపి, టెక్స్ట్‌ని పాత్‌గా మార్చి ఎక్స్‌పోర్ట్ చేయమనొచ్చు. అది పాంగో అనే లైబ్రరీతో అక్షరాల్ని కూరుస్తుంది, పాంగో లోపల ఉన్నది మళ్లీ హార్ఫ్‌బజ్జే, కాబట్టి ఒత్తులు ఎక్కడివక్కడ ఉంటాయి. అంటే ఏ లైబ్రరీతో గీసినా సరే మాటని మాటగా వదిలిన ఎస్‌వీజీ ఒకటి తీసుకుని, చివర్లో ఇంక్‌స్కేప్‌తో గీతలుగా మార్చుకునే ఏర్పాటు పెట్టుకుంటే, వెబ్‌కి మొదటిది, ప్రెస్‌కి రెండోది. తెలుగు పని చేసేవాళ్లకి దీన్ని మించిన సర్దుబాటు లేదు.

ఒక్కో పనిముట్టు గురించి సూటిగా

ఆర్ వాడేవాళ్లు ఈ విషయంలో కొంత అదృష్టవంతులు. హ్యాడ్లీ విక్‌హ్యామ్ రాసిన జీజీప్లాట్2, లీలండ్ విల్కిన్సన్ గ్రాఫిక్స్ వ్యాకరణం అన్న ఆలోచన మీద కట్టింది. డేటాలో ఏ కాలమ్ ఏ అక్షానికి, ఏ రంగుకి అని చెప్తే మిగతాది అది చూసుకుంటుంది. పద్ధతిగా ఆలోచించడం నేర్పే పనిముట్టు అది. ఎస్‌వీజీలైట్ అనే ప్యాకేజీతో సేవ్ చేస్తే మాట మాటగానే ఉంటుంది. కానీ అది ప్రతి మాటకీ 'ఇంత పొడవులోనే ఇమడాలి' అని ఒక కొలత రాసి పెడుతుంది, చూసేచోట ఫాంట్ మారితే అక్షరాల మధ్య సందులు సాగుతాయి లేదా ఇరుకైపోతాయి. ఫిక్స్ టెక్స్ట్ సైజ్ అన్న విలువని ఆపేస్తే అది పోతుంది. ఆర్‌లో మామూలు పీడీఎఫ్ డివైస్ తెలుగుని చుక్కలుగా మార్చేస్తుంది, దాని బదులు కైరో పీడీఎఫ్ వాడాలి. ఈ రెండు సంగతులు తెలిస్తే చాలు, నివేదికల పనికి ఆర్‌ని మించింది కనిపించదు.

డీ3 గురించి ఒక అపోహ బాగా ఉంది, అదేదో చార్ట్ లైబ్రరీ అని. కాదు. స్టాన్‌ఫర్డ్‌లో మైక్ బోస్టాక్, జెఫ్రీ హీర్, వాదిమ్ ఒగీవెట్స్‌కీ 2011లో తెచ్చిన ఆ పనిముట్టు చేసేది డేటాలో ఒక్కో వరసని పేజీలో ఒక్కో మూలకానికి ముడివేయడం. బార్ చార్ట్ అన్న ఫంక్షనే అందులో లేదు. అక్షం, స్కేలు, బార్ అన్నీ మీరే కట్టుకోవాలి. అందుకే మొదటి వారం తల ప్రాణం తోకకొస్తుంది. పాఠకుడు జిల్లా మీద వేలు పెడితే అంకె కనిపించాలి, ఏడాది మారిస్తే రంగులు మెల్లగా మారాలి అన్న కోరికలుంటే ఆ కష్టానికి ఫలితం ఉంది. కదలని బొమ్మకైతే లేదు. ఒక ఉపయోగం మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు: డీ3లో స్కేలు, షేపు, జియో లాంటి ముక్కలు బ్రౌజర్ లేకుండా విడిగా నడుస్తాయి. డేటా ఇస్తే పాత్ స్ట్రింగ్ తిరిగి ఇస్తాయి. ఆ స్ట్రింగ్‌ని మీ సొంత ఎస్‌వీజీలో అతికించుకుంటే, పైన చెప్పిన పాతిక లైన్ల స్క్రిప్ట్‌కి వంపులూ మ్యాపులూ గీసే బలం వస్తుంది. అంతేగాని సర్వర్‌లో బ్రౌజర్‌ని అనుకరించే జేఎస్‌డామ్ పెట్టి డీ3ని మొత్తంగా నడుపుదామంటే, అందులో అక్షరాల పెట్టె కొలిచే ఫంక్షనే లేదు, మళ్లీ లేబుళ్ల దగ్గర ఇరుక్కుంటారు.

ఆల్టెయిర్ తేలిక. పైథాన్ వచ్చు, జావాస్క్రిప్ట్ రాదు, వెబ్‌లో పెట్టాలి అంటే దాన్నే ఎంచుకోవచ్చు. ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, ఏ శాఖ కింద ఏ విభాగం ఉంది లాంటి సంబంధాల బొమ్మలకు గ్రాఫ్‌విజ్ ఉండగా వేరే ఆలోచన అనవసరం. డబ్బాలు ఎక్కడ పెట్టాలో అదే తేల్చుకుంటుంది, పాంగో ఉన్నచోట తెలుగు సరిగ్గా కొలుస్తుంది, కైరో ఎస్‌వీజీ అడిగితే అక్షరాల్ని గీతలుగా మార్చి ఇస్తుంది కూడా.

పుస్తకంలోనో థీసిస్‌లోనో పెట్టే గ్రాఫులైతే, పుస్తకాలు కూర్చే లాటెక్‌లో పనిచేసే పీజీఎఫ్‌ప్లాట్స్ ఉంది. చార్ట్‌లోని అక్షరాలు, పుస్తకంలోని అక్షరాలు ఒకే ఫాంట్‌లో, ఒకే సైజులో రావడం చూస్తే మళ్లీ ఇంకోదానికి మనసొప్పదు. లాటెక్ మామూలు ఇంజిన్ పీడీఎఫ్‌లాటెక్‌తో తెలుగు కుదరదు, జీలాటెక్‌తో నడపాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో కూడా పీజీఎఫ్ బ్యాకెండ్ ఎంచుకుని జీలాటెక్‌ని వెనక పెట్టుకుంటే తెలుగు కూర్పు నిఖార్సుగా వస్తుంది, కొంచెం నెమ్మదిగా నడుస్తుందన్నదొక్కటే ఇబ్బంది.

పేర్లు పొడవైనప్పుడు ఇంకో చిక్కు. 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ' ఒక్క లైనులో ఏ చార్ట్‌లోనూ పట్టదు. మామూలుగా వాడే ఎస్‌వీజీలో మాట దానంతటది రెండో లైనుకి దిగదు. ఎక్కడ విరగాలో లెక్కవేసి, ఒక్కో ముక్కని ఒక్కో టీస్పాన్‌గా (మాటలో ఒక భాగాన్ని పట్టే ఎస్‌వీజీ ట్యాగ్) రాసి, ఎంత కిందికి దిగాలో చెప్పాలి. ఇంగ్లిష్ లేబుళ్లకి వేసే ఎడం తెలుగుకి చాలదు. పై లైనులో 'ద్క' క ఒత్తు కిందికి జారుతుంది, కింది లైనులో 'సీ' గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ తగులుకుంటాయి. ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లు ఎడం పెడితే కంటికి హాయిగా ఉంటుంది. అడ్డం అక్షం కింద పేర్లకి కూడా అంతే, గీతకి దగ్గరగా పెడితే ఒకచోట గుడి తగులుతుంది, అడుగున ఒత్తు తెగుతుంది.

మ్యాపులు, లక్ష చుక్కలు

మ్యాపుల్లో ఎక్కువ బరువు సరిహద్దు గీతలదే. ప్రభుత్వ వర్గాల నుంచి వచ్చే సరిహద్దుల ఫైళ్లలో ఒక్కో మలుపుకీ పదిహేను అంకెల దశాంశాలు ఉంటాయి. 800 వెడల్పు బొమ్మకి పాయింటు తరవాత ఒక్క అంకె చాలు, మిగతావన్నీ కంటికి కనపడని బరువు. 432.18765432109876 బదులు 432.2 అని రాస్తే ఆ సంఖ్య పొడవు మూడోవంతు కంటే తక్కువకి దిగుతుంది, అలాంటి సంఖ్యలు ఫైలులో వేలల్లో ఉంటాయి. ఎస్‌వీజీవో అనే పనిముట్టు ఈ కోతని దానంతటదే చేస్తుంది.

తరవాత సరిహద్దుని సరళం చేయడం. పైథాన్‌లో మ్యాప్ డేటా పనికి వాడే జియోపాండాస్‌లో సింప్లిఫై అనగానే ఒక్కో జిల్లానీ విడివిడిగా చెక్కుతుంది. గుంటూరు, పల్నాడు మధ్య ఉన్న గీత ఒకటే అయినా రెండు జిల్లాల్లో రెండుసార్లు ఉంటుంది, రెండూ రెండు రకాలుగా చెక్కబడి మధ్యలో సన్నని తెల్లటి పగుళ్లు తేలతాయి. మ్యాప్‌షేపర్ అనే పనిముట్టు అలా చేయదు, ముందు ఉమ్మడి గీతల్ని గుర్తించి ఒక్కోదాన్నీ ఒక్కసారే చెక్కుతుంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం. మ్యాప్ పనికి ఏ భాష వాడినా మొదటి అడుగు అక్కడ వేయడం మంచిది. డీ3 వాడేవాళ్లకి ఇంకో హెచ్చరిక: సరిహద్దుల ఫైళ్లకు వాడే జియోజేసన్ ప్రమాణం బయటి గీత అపసవ్యంగా తిరగాలంటుంది, డీ3 సవ్యంగా తిరగాలంటుంది. అది పట్టించుకోకపోతే డీ3 జిల్లాని వదిలేసి మిగతా భూగోళమంతా రంగు నింపుతుంది, తెర మీద ఒక పెద్ద రంగు పలక కనిపిస్తుంది. మ్యాప్ కనపడక గంటలు వెతికే సందర్భాల్లో కారణం తరచుగా ఇదే.

డేటా చుక్కలు వేలు దాటినప్పుడు వెక్టర్ మీద మమకారం కొంచెం తగ్గించుకోవాలి. లక్ష చుక్కలంటే లక్ష సర్కిల్ ట్యాగులు, ఒక్కోటి కనీసం 40 బైట్లు వేసుకున్నా 4 ఎంబీ, బ్రౌజర్ లక్ష మూలకాల్ని విడివిడిగా మోయాలి, పాత ఫోన్ ఆగిపోతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చుక్కల పొరకి మాత్రం రాస్టరైజ్డ్ అని చెప్తే ఆ పొర పిక్సెల్ బొమ్మగా ఫైలులో కూర్చుంటుంది, అక్షాలూ అక్షరాలూ వెక్టర్‌గానే ఉంటాయి. చాలా సందర్భాల్లో ఇదే సరైన మధ్యేమార్గం. స్ట్రింగులతో సొంతంగా రాసేవాళ్లు అన్ని చుక్కల్నీ ఒకే పాత్‌లో సున్నా పొడవు గీతలుగా రాసి, గీత కొసల్ని గుండ్రంగా పెట్టొచ్చు. తెర మీద చుక్కలే కనిపిస్తాయి, లోపల ఉన్నది ఒకే మూలకం.

వాట్సాప్ ఎస్‌వీజీని బొమ్మగా చూపించదు కాబట్టి అక్కడికి పీఎన్‌జీ తీయక తప్పదు, తీసేచోట మళ్లీ అక్షరాల పరీక్ష. పైథాన్‌లో చేతికి సులువుగా దొరికే కైరోఎస్‌వీజీ ఒక్కో గుర్తునీ విడిగా గీస్తుంది, తెలుగు విరుగుతుంది. రెస్‌వీజీ, ఆర్‌ఎస్‌వీజీ కన్వర్ట్ రెండూ సరిగ్గా కూరుస్తాయి. అయితే వాటిని నడిపే మెషిన్‌లో తెలుగు ఫాంట్ ఉండాలి. సొంత ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చిన బొమ్మ సర్వర్‌లో డాకర్ కంటెయినర్ (ప్రోగ్రామ్‌ని తన సొంత ఫైళ్లతో విడిగా నడిపే డబ్బా) నుంచి అక్షరాలు లేకుండా వస్తే కారణం అదే, కంటెయినర్‌లో ఫాంట్ పెట్టలేదు.

చార్టుల్ని, ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్‌లో దాచుకునే అలవాటుంటే ఇంకొక్క సర్దుబాటు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్రతి ఎస్‌వీజీలోనూ తయారైన తేదీ, యాదృచ్ఛికంగా పుట్టిన కొన్ని గుర్తింపు పేర్లు రాస్తుంది. డేటా మారకపోయినా ఫైలు మారినట్టు కనిపిస్తుంది, నిజంగా ఏ జిల్లా అంకె మారిందో ఆ గోలలో దొరకదు. హాష్‌సాల్ట్ అనే విలువకి ఏదో ఒక స్థిరమైన మాట ఇచ్చి, మెటాడేటాలో తేదీని తీసేస్తే, అదే డేటాకి ప్రతిసారీ అదే ఫైలు వస్తుంది. అప్పుడు కర్నూలు అంకె ఒక్కటి సవరిస్తే తేడాలో కనిపించేది కర్నూలు లైను ఒక్కటే.